వంద మీటర్ల లెక్క: మద్యం దుకాణం లైసెన్సు తీసుకోవడంలో నా అనుభవం

2023 ఆగస్టు 21, సోమవారం నాడు నల్గొండలో జరిగిన డ్రాలో మా దరఖాస్తు నంబరున్న టోకెన్ బయటికి వచ్చింది. హాలు బయట నిలబడ్డ మా వాళ్లు అప్పుడే దుకాణం తెరిచినంత సంబరపడ్డారు. ఆ రోజు మాకు దక్కింది దుకాణం పెట్టుకునే అవకాశం ఒక్కటే. దాన్ని ఎక్కడ పెట్టాలన్నది తేలేసరికి దసరా కూడా దాటిపోయింది, మొదట అనుకున్న మడిగెలో, అంటే కిరాయికి చూసుకున్న దుకాణపు గదిలో, పెట్టనూ లేదు. వైన్ షాపు లైసెన్సు అనగానే మా వైపు అందరూ దరఖాస్తు రుసుము గురించి, డ్రా గురించి, సిండికేట్ల గురించి మాట్లాడతారు. మడిగె వెతుక్కోవడం గురించి ఎవరూ మాట్లాడరు. మేము పడిన కష్టమంతా అక్కడే ఉంది కాబట్టి, ఇకముందు దరఖాస్తు పెట్టాలనుకునేవారికి, తమ వాడలో దుకాణం వస్తుందని తెలిసి ఆందోళన పడేవారికి కూడా పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది నల్గొండ జిల్లాలో దేవరకొండ వైపున్న ఒక మండల కేంద్రం. మా నాయిన నలభై ఏండ్లు మోకు, ముస్తాదు కట్టి తాళ్లెక్కినవాడు, కల్లుగీత సహకార సంఘంలో సభ్యుడు. చెట్లకు నంబర్లు వేయడానికి వచ్చే ఆబ్కారీ (ఎక్సైజ్) సిబ్బందిని చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగినవాణ్ని కాబట్టి ఆ శాఖంటే నాకు కొత్త లేదు. అయితే సీసా మద్యం అమ్మే లైసెన్సు మాలాంటి వాళ్లకు అందుతుందని 2021కి ముందు మేము ఎన్నడూ అనుకోలేదు. ఆ ఏడాది రాష్ట్ర ప్రభుత్వం ఏ4 దుకాణాల్లో గౌడ కులస్తులకు 15 శాతం, ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 5 శాతం కేటాయించింది. ఏ4 అన్నది చిల్లర మద్యం దుకాణానికి ఇచ్చే లైసెన్సు ఫారం పేరు. బార్‌కు ఇచ్చే లైసెన్సును 2బి అంటారు. రాష్ట్రంలోని 2,620 దుకాణాల్లో 756 ఈ మూడు వర్గాల వాటాకు వచ్చాయి. ఏ దుకాణం ఎవరి వాటాకు పోవాలో కూడా జిల్లా స్థాయిలో ముందుగా డ్రా తీసే తేలుస్తారు. 2023లో అట్లా తీసినప్పుడు మా మండల కేంద్రంలోని ఒక దుకాణం గౌడుల వాటాకు వచ్చిందని తెలిసి మేము ఐదుగురం ఒక చోట కూర్చున్నాం.

ఐదుగురమంటే నేను, మా బామ్మర్ది, మా చిన్నాయిన కొడుకు, ఇద్దరు దోస్తులు. అప్పట్లో దరఖాస్తుకు రెండు లక్షల రూపాయలు, డ్రా తగలకపోతే అందులో ఒక్క రూపాయి కూడా తిరిగి రాదు. ఒకరు ఎన్ని దరఖాస్తులైనా పెట్టుకోవచ్చు. మేము మా ముగ్గురు గౌడుల పేర్ల మీద మూడు దరఖాస్తులు పెట్టాం, ఆరు లక్షలు ఐదుగురం పంచుకున్నాం. ఆ విడతలో రాష్ట్రమంతటా లక్షా 31 వేలకు పైగా దరఖాస్తులు వచ్చి, వాటి రుసుము కిందనే ప్రభుత్వానికి 2,600 కోట్లకు పైగా చేరింది. సగటున ఒక్కో దుకాణానికి యాభై మంది పోటీ పడ్డట్టు. యాభైలో నలభై తొమ్మిది మంది పెట్టిన డబ్బు వదులుకోవడానికి సిద్ధపడి రావాల్సిందే. ఆరు లక్షలు పోయినా ఇల్లు గడుస్తుందా అన్న ప్రశ్నకు ఐదుగురం విడివిడిగా జవాబు చెప్పుకున్న తర్వాతే డీడీలు తీశాం. అప్పు తెచ్చి దరఖాస్తు పెట్టవద్దని నాకు తెలిసినవాళ్లందరికీ ఇప్పటికీ చెబుతున్నాను. మా పక్క ఊరి వ్యక్తి ఒకరు ఎకరం భూమి తాకట్టు పెట్టి నాలుగు దరఖాస్తులు వేశారు, నాలుగూ పోయాయి.

దరఖాస్తు పెట్టడం పెద్ద పనేం కాదు. జిల్లా ప్రొహిబిషన్ అండ్ ఎక్సైజ్ అధికారి కార్యాలయంలో ఏ3(ఎ) ఫారం నింపి, ఫొటోలు, ఆధార్, పాన్ నకళ్లు, మా విషయంలో తహసీల్దారు ఇచ్చిన కుల ధ్రువీకరణ పత్రం, డీడీ జతచేసి ఇస్తే, డ్రా నాడు హాలులోకి రానిచ్చే ప్రవేశ పత్రం చేతికిచ్చారు. ఆగస్టు 18 ఆఖరి రోజు. అప్పటికి నడుస్తున్న పాత లైసెన్సులకు నవంబరు 30 వరకు గడువుంది. కొత్తవి డిసెంబరు 1 నుంచి రెండేళ్లు, అంటే 2025 నవంబరు 30 వరకు.

అసలు లెక్క వేసుకోవాల్సింది దరఖాస్తు రుసుము గురించి కాదని మాకు ముందే చెప్పినవాడు మా బామ్మర్ది. అతను అంతకు ముందు ఒక వైన్ షాపులో కౌంటరు మీద పనిచేశాడు. దుకాణానికి ఏటా కట్టాల్సిన రిటైల్ షాప్ ఎక్సైజ్ ట్యాక్స్ ఉంటుంది, అది 2011 జనగణన ప్రకారం ఆ ఊరి జనాభాను బట్టి మారుతుంది. ఐదు వేల లోపు జనాభా ఉంటే 50 లక్షలు, యాభై వేల లోపైతే 55 లక్షలు, లక్ష లోపైతే 60 లక్షలు, ఐదు లక్షల లోపైతే 65 లక్షలు, ఇరవై లక్షల లోపైతే 85 లక్షలు, అంతకు మించితే కోటీ 10 లక్షలు. మాది రెండో వరుస, ఏటా 55 లక్షలు. దాన్ని ఆరు వాయిదాల్లో కట్టవచ్చు గనక ప్రతి రెండు నెలలకు తొమ్మిది లక్షల 17 వేలు సిద్ధంగా ఉండాలి. దీనికి తోడు ఏటా ఐదు లక్షల ప్రత్యేక పన్ను. ఏడాది పన్నులో నాలుగో వంతుకు, అంటే 13 లక్షల 75 వేలకు బ్యాంకు గ్యారంటీ. అమ్మకాలు ఏడాది పన్నుకు పది రెట్లు దాటితే, మా లెక్కలో ఐదున్నర కోట్లు దాటితే, ఆపైన అమ్మే సరుకు మీద దుకాణదారు లాభం పది శాతానికి పడిపోతుంది. ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకొని, మడిగె కిరాయి, జీతాలు, కరెంటు కలిపి చూసుకున్నాం. కాగితం మీద గిట్టుబాటయింది. మడిగె కిరాయి కన్నా ముందు ఎన్ని మీటర్ల దూరమో రాసుకోవాలని అప్పుడు మాకు తెలియదు.

డ్రా రోజు గురించి ఎక్కువ రాయాల్సింది లేదు. దుకాణాలను గెజిట్ వరుస నంబరు ప్రకారం పిలిచారు. మా దుకాణానికి 46 దరఖాస్తులు పడ్డాయి కాబట్టి ఒకటి నుంచి 46 వరకు నంబర్లున్న టోకెన్లను అందరికీ చూపించి డబ్బాలో వేశారు, కలిపారు, ఒకటి తీశారు. వీడియో తీస్తూనే ఉన్నారు. వచ్చిన నంబరు మా చిన్నాయిన కొడుకు పేరు మీదిది. హాలు దాటకముందే ఇద్దరు మనుషులు వచ్చి, దుకాణం తమకు వదిలేస్తే గుడ్‌విల్ కింద ఎంత కావాలో చెప్పమన్నారు. లైసెన్సును కిరాయికి ఇవ్వడం, మరొకరికి రాసివ్వడం నిబంధనల ప్రకారం కుదరదు. పేరు ఒకరిది, పెత్తనం ఇంకొకరిది అయిన దుకాణాలు మా జిల్లాలో అందరూ చూసినవే. గీత వృత్తి చేసుకునేవాళ్ల కోసం ఇచ్చిన వాటా ఆ రకంగా మళ్లీ పెద్ద చేతుల్లోకే పోతే ఇచ్చి ఏం ప్రయోజనమని నాకు ఇప్పటికీ బాధ ఉంటుంది. మేము ఇవ్వలేదు. ఏడాది పన్నులో ఆరో వంతు డ్రా నాడు గానీ మరునాడు గానీ కట్టాలి, లేకుంటే వచ్చిన దుకాణం పోతుంది. మేము ఆ సాయంత్రమే చలాన్ కట్టి ఇంటికి వచ్చాం.

ఇక మడిగె సంగతి.

ఉమ్మడి రాష్ట్రంలో 1968 ఎక్సైజ్ చట్టం కింద 2012లో చేసిన దుకాణాల నిబంధనలనే తెలంగాణ తనకు అన్వయించుకుంది. వాటి ప్రకారం గుడి, మసీదు, చర్చి, బడి, కాలేజీ, ఆసుపత్రి నుంచి వంద మీటర్ల లోపు మద్యం దుకాణం ఉండకూడదు. ఇంతవరకు అందరికీ తెలుసు. ఆ మాటలకు నిబంధనల్లోనే ఇచ్చిన అర్థాలు చాలామందికి తెలియవు. గుడి అంటే దేవాదాయ శాఖలో నమోదైన గుడి, మసీదు అంటే వక్ఫ్ బోర్డులో నమోదైనది. బడి అంటే ప్రభుత్వ గుర్తింపు ఉన్నది. ప్రైవేటు ఆసుపత్రి అయితే కనీసం 30 పడకలుండాలి. దూరాన్ని కాకి ఎగిరే దారిన కొలవరు. దుకాణం ద్వారం నడిమి నుంచి బయలుదేరి, మనిషి మామూలుగా నడిచిపోయే దగ్గరి దారి వెంట, ఆ సంస్థకు ప్రహరీ ఉంటే దాని దగ్గరి గేటు నడిమి వరకు, ప్రహరీ లేకపోతే కట్టడం ద్వారం నడిమి వరకు టేపు పట్టి కొలవాలి. ఈ రెండు మూడు వాక్యాల మీదే మా మూడు నెలలు నడిచాయి.

రోడ్ల సంగతి కూడా ఒక మాట చెప్పాలి. 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారుల నుంచి 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండకూడదని చెప్పింది. 2017 మార్చి 31న ఇరవై వేల లోపు జనాభా ఉన్న చోట్ల ఆ దూరాన్ని 220 మీటర్లకు తగ్గించింది. ఆ దినాల్లో 65వ నంబరు జాతీయ రహదారి పక్క ఊళ్లలో మడిగెలున్న వాళ్లు ఎంత హైరానా పడ్డారో మాకు తెలుసు. మా ఊరి మీదుగా పోయేది ఆర్ అండ్ బీ వారి జిల్లా రోడ్డు కాబట్టి ఆ బాధ మాకు తగల్లేదు. గెజిట్‌లో ఏ ఊరి పేరు ఉంటే ఆ ఊరి హద్దుల్లోనే దుకాణం పెట్టాలి గనక పక్క ఊరికి జరిగే వీలు మాత్రం లేదు.

మొదట మేము చూసుకున్న మడిగె బస్టాండుకు దగ్గర, రెండు షట్టర్లు, కొత్త కట్టడం, నెలకు 35 వేలు. లక్ష రూపాయలు అడ్వాన్సు ఇచ్చేశాం. అక్కడికి కొంత దూరంలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఉంది. మేస్త్రీ దగ్గర ముప్పై మీటర్ల టేపు అడిగి తెచ్చుకొని, నేనూ మా బామ్మర్దీ మడిగె ద్వారం నుంచి బడి పెద్ద గేటు వరకు రోడ్డు అంచున కొలిస్తే 131 మీటర్లు వచ్చింది. నిశ్చింతగా కాగితాలు పెట్టుకున్నాం.

తనిఖీకి వచ్చిన సీఐ గారు మడిగె చుట్టూ తిరిగి చూసి, మొదట అడిగిన ప్రశ్న, "బడికి ఇంకో గేటు లేదా?" అని. ఉంది. పడమటి గోడలో చిన్న ఇనుప గేటు, హాస్టల్ పిల్లలు వచ్చిపోయేది. నా పెద్ద బిడ్డ అప్పుడు అదే బడిలో ఎనిమిదో తరగతి చదువుతోంది. ఆ గేటు సంగతి నాకు తెలియక కాదు, గేటంటే బోర్డున్న పెద్ద గేటే అనుకున్నాను. నిబంధనలో ఉన్నది దగ్గరి గేటు. మడిగె వెనక సందులో నుంచి ఆ చిన్న గేటుకు కొలిస్తే 88 మీటర్లు. కానిస్టేబుల్ టేపు చుట్టేస్తుంటే మేము ఏమీ మాట్లాడలేకపోయాం.

మడిగె యజమాని మాత్రం ధైర్యం చెప్పాడు. "గా చిన్న గేటుకు గోడ కట్టిస్తే అయిపాయె. బడి పెద్దసారుతోని నేను మాట్లాడుత, రెండు దినాల పని," అన్నాడు. ఆ మాట విన్నప్పుడు మా ఐదుగురిలో ముగ్గురికి అది సబబుగానే తోచింది, ఎందుకంటే లక్ష రూపాయల అడ్వాన్సు అప్పటికే ఆయన చేతిలో ఉంది. నేను ఆ మరునాడు సాయంత్రం నాలుగున్నరకు పోయి ఆ సందు మూలన నిలబడ్డాను. ఇరవై నిమిషాల్లో నూటయాభైకి పైగా పిల్లలు ఆ చిన్న గేటులో నుంచి వచ్చారు. హాస్టల్ వాళ్లే కాదు, ఆ దిక్కు వాడల పిల్లలందరూ. దాన్ని మూస్తే వాళ్లంతా పెద్ద రోడ్డు మీదికి వచ్చి, లారీల మధ్య నుంచి చుట్టూ తిరిగి పోవాలి. పైగా మా దుకాణం షట్టర్ ముందు నుంచే పోవాలి. పిల్లలను మద్యం దుకాణానికి దూరంగా ఉంచడానికి పెట్టిన నిబంధనను, పిల్లల దారి మూసి నెగ్గించుకోవడం నాకు మనసొప్పలేదు. ఇంట్లో నాయినతో చెబితే ఆయన ఎక్కువ మాట్లాడలేదు. "మండువ పెట్టెతందుకు బడి తొవ్వ మూసినోడు మన ఇంట్ల లేడు బిడ్డా," అన్నాడు. మండువ అంటే మా దగ్గర కల్లు అమ్మే చోటు. ఆ మడిగె వదులుకున్నాం. అడ్వాన్సులో సగమే తిరిగి వచ్చింది, ఆ సగం కోసం నాలుగుసార్లు తిరగాల్సి వచ్చింది.

అందువల్ల దరఖాస్తు పెట్టేవారికి నేను చెప్పేది ఒకటే. అడ్వాన్సు ఇచ్చే ముందు ఆ మడిగె చుట్టూ ఉన్న ప్రతి బడికి, ప్రతి గుడికి ఎన్ని గేట్లున్నాయో చూసుకొని, ప్రతి గేటుకూ టేపు పట్టండి. కొలిచిన దారిని కాగితం మీద పటంగా వేసుకోండి. కిరాయి ఒప్పందంలో, ఎక్సైజ్ అధికారులు స్థలాన్ని ఒప్పుకోకపోతే అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇవ్వాలని ఒక వాక్యం రాయించుకోండి. మా ఒప్పందంలో ఆ ఒక్క వాక్యం లేకే మాకు యాభై వేలు పోయాయి.

రెండో మడిగె ఊరి దక్షిణం వైపు దొరికింది. కిరాయి తక్కువ, బడికి దూరం, ఏ నమోదైన గుడీ లేదు. నమోదైన అనే మాట ఇక్కడ కీలకం, ఎందుకంటే ఆ మడిగెకు నలభై మీటర్లు కూడా లేని చోట, వేప చెట్టు కింద పోచమ్మ గుడి ఉంది. దేవాదాయ శాఖ జాబితాలో ఆ గుడి పేరు లేదు. మా ఊరిలో ఆ జాబితాలో ఉన్నది రామాలయం ఒక్కటే. మైసమ్మ గుడి లేదు, పెద్దమ్మ గుడి లేదు, పీర్ల చావిడి ఏ లెక్కలోకీ రాదు. నిబంధన అక్షరాల ప్రకారం చూస్తే ఆ మడిగెకు ఏ అడ్డూ లేదని అధికారులూ చెప్పారు.

సంగతి తెలిసిన వారానికి ఆ వాడ ఆడవాళ్లు పది మంది మా ఇంటికి వచ్చారు. గొడవ చేయడానికి కాదు, అడగడానికి వచ్చారు. వాళ్లలో పెద్దమ్మ వరసయ్యే ఒక ముసలామె, "బోనం ఎత్తుకొని అచ్చేటప్పుడు మీ సీసపెంకులు తొక్కుకుంట రావాల్నా కొడుకా?" అన్నది. నేను జవాబు చెప్పలేకపోయాను. వాళ్లు ఆ సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి పోయి అర్జీ ఇచ్చారు. గుడి నమోదైనది కాదు కాబట్టి నిబంధన వర్తించదని వాళ్లకు సమాధానం వచ్చింది. అంటే చట్టం పూర్తిగా మా పక్షాన ఉంది.

మా ఐదుగురి మధ్య మొదటిసారి గట్టిగా మాట పెరిగింది అప్పుడే. బామ్మర్ది వాదన తేలికగా తీసిపారేసేది కాదు. "రూలు ఒప్పుకున్నది గదా బావా. ప్రతిదానికి ఎనుకకు జరిగితే ఊర్ల జాగ ఏడ దొరుకుతది? డిసెంబరు ఒకటి దాటితే దినానికి ఎంత నష్టమో లెక్క చూసినవా?" అని అడిగాడు. లెక్క నేనూ చూశాను. దుకాణం తెరవకపోయినా పన్ను ఆగదు, రోజుకు పదిహేను వేలకు పైనే పడుతుంది. నన్ను తేల్చుకునేలా చేసింది పర్మిట్ రూమ్. మందు కొన్నవాళ్లు అక్కడే తాగిపోవడానికి దుకాణానికి ఆనుకొని ఇచ్చే గది అది. ఆ మడిగెలో దానికి వీలున్న ఒకే ఒక్క చోటు వెనక వైపు, తలుపు తీస్తే వేప చెట్టు కిందికి. లోపల తాగి బయటికి వచ్చినవాడు మొదట నిలబడేది పోచమ్మ ముందే. ఈ మాట నేను చెప్పాక బామ్మర్ది కూడా పోయి ఆ తలుపు దగ్గర నిలబడి చూసి వచ్చాడు. ఆ రాత్రి అతనే ఫోను చేసి వేరే జాగ చూద్దామన్నాడు.

ఈ నిబంధన మీద నా అభిప్రాయం దాచుకోను. నమోదైన గుడి అనే షరతు పట్నాలకు సరిపోతుందేమో గానీ తెలంగాణ పల్లెకు సరిపోదు. మా దగ్గర ఏటా బోనాలు జరిగే గుళ్లలో ఎక్కువ భాగం ఏ జాబితాలోనూ లేవు. అట్లని చెట్టు కింద పసుపు పూసిన ప్రతి రాయీ లెక్కలోకి వస్తే ఊరిలో వంద మీటర్ల ఖాళీ ఎక్కడా మిగలదని కూడా నాకు తెలుసు. గ్రామ పంచాయతీ తీర్మానం చేసి, ఏటా ఉత్సవం జరిగే గుళ్ల పేర్లు మాత్రం డ్రాకు ముందే ప్రకటిస్తే దుకాణం పెట్టేవాడికి, ఆ వాడలో ఉండేవాళ్లకు ఇద్దరికీ ముందుగా తెలుస్తుంది. ఇప్పుడున్న పద్ధతిలో ఇద్దరికీ తెలిసేది టేపు పట్టిన రోజునే.

మూడో మడిగె సంత మైదానం పక్కన, అంతకు ముందు వడ్ల కమీషన్ దుకాణం నడిచిన పాత కట్టడం. బడి చిన్న గేటుకు 240 మీటర్లు, రామాలయానికి అంతకన్నా ఎక్కువ. దగ్గరలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఉంది గానీ దానికి పది పడకలే, అయినా దానికీ మేము కొలిచి చూస్తే 115 మీటర్లు వచ్చింది. కిరాయి 28 వేలు. పైకప్పు బాగుచేయించడానికి, ఇనుప గ్రిల్ పెట్టించడానికి, సీసీ కెమెరాలకు కలిపి మూడు లక్షల దాకా అయింది. ఈసారి సీఐ గారు వచ్చేసరికి నాలుగు దిక్కుల హద్దులు, ప్రతి సంస్థకూ నడిచే దారి, మీటర్లు రాసిన పటాన్ని మేమే చేతికిచ్చాం. ఆయన రెండు చోట్ల మళ్లీ కొలిపించి, సరిపోయిందని నివేదిక రాసుకున్నారు.

తర్వాతి పనులు ఒకదాని వెంట ఒకటి జరిగాయి. బ్యాంకు గ్యారంటీ కోసం బ్యాంకువారు ఫిక్స్‌డ్ డిపాజిట్ అడిగారు, అది సర్దడానికి ఇద్దరి ఇండ్లలోని బంగారం కుదువ పెట్టాం. కౌంటరు మీద కూర్చునే నలుగురికి నౌకర్నామా తీసుకున్నాం. లైసెన్సుదారు తరఫున అమ్మే ప్రతి మనిషికి అధికారుల ఆమోదం ఉండాలి, ఆ కాగితానికి నిజాం కాలపు మాట ఇప్పటికీ నిలిచి ఉంది. సరుకంతా బెవరేజెస్ కార్పొరేషన్ డిపో నుంచే తీసుకోవాలి, తయారీదారు దగ్గర నేరుగా కొనడానికి వీలులేదు. ఇండెంట్ పెట్టి, డబ్బు ముందే కట్టి, నల్గొండ డిపో నుంచి పెట్టెలు తెచ్చుకున్నాం. ప్రతి సీసా మూత మీద హాలోగ్రామ్ లేబుల్ ఉంటుంది, అది లేని సీసా ఒక్కటి దొరికినా కేసవుతుంది.

డిసెంబరు 1, శుక్రవారం నాడు దుకాణం తెరిచాం. అంతకు ముందు రోజే అసెంబ్లీ పోలింగు జరిగింది. పోలింగు ముగిసే వేళకు ముందు 48 గంటలు రాష్ట్రమంతటా దుకాణాలు మూసి ఉన్నాయి కాబట్టి మొదటి రోజు తెల్లారేసరికే జనం వచ్చి నిలబడ్డారు. పది గంటల కన్నా ముందు షట్టర్ తీయకూడదు, రాత్రి పది తర్వాత ఉంచకూడదు. రెండు రోజులు అమ్మామో లేదో, 3వ తేదీ ఆదివారం ఓట్ల లెక్కింపని మళ్లీ మూశాం. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 ఎటూ సెలవే. 2024 మేలో లోక్‌సభ ఎన్నికలకు మళ్లీ అట్లాగే. పన్ను వాయిదా మాత్రం ఏ మూసివేతకూ ఆగదు గనక ఈ రోజులను ముందే లెక్కలో తీసేసుకోవాలి.

రెండేళ్లు నడిపిన సంగతులు రాస్తే అది వేరే కథ. లైసెన్సు షరతులకు సంబంధించినంత వరకు రెండు విషయాలు చెప్పాలి. సీసా మీద రాసిన ఎమ్మార్పీ కన్నా ఒక్క రూపాయి ఎక్కువ తీసుకున్నా, 21 ఏండ్ల లోపు వారికి అమ్మినా లైసెన్సుకే ముప్పు. ధరల పట్టిక అందరికీ కనబడేలా పెట్టాం. వయసు మీద అనుమానం వచ్చిన పిల్లగాణ్ని ఆధార్ అడగమని కౌంటరు వాళ్లకు చెప్పాను, మొహమాటపడి రెండుసార్లు వాళ్లు అడగకపోతే నేనే వచ్చి కూర్చున్నాను. రెండోది బెల్టు షాపులు. చుట్టుపక్కల పల్లెల నుంచి కిరాణా కొట్లవాళ్లు వచ్చి, నలభై ఎనిమిది క్వార్టర్లుండే పెట్టెలు రెండేసి మూడేసి అడిగేవాళ్లు. అమ్మితే మా అమ్మకం పెరుగుతుంది, ఆ సీసా పల్లెలో ఎక్కువ ధరకు, బడి పక్కన, ఏ వేళకైనా దొరుకుతుంది. వంద మీటర్లు కొలిచి మేము పెట్టిన దుకాణానికి అప్పుడు అర్థమేముంటుంది? పరిమితికి మించి ఎవరికీ ఇవ్వలేదు. దానివల్ల మా పక్క దుకాణం కన్నా మా అమ్మకం తక్కువగా ఉందన్నది నిజమే. రెండేళ్ల చివర లెక్క చూసుకుంటే, ఐదుగురికీ పెట్టింది వచ్చి, మనిషికి ఓ మోస్తరుగా మిగిలింది.

2025 సెప్టెంబరులో కొత్త విడతకు ప్రకటన వచ్చింది. దరఖాస్తు రుసుము మూడు లక్షలయింది. గడువు మొదట అక్టోబరు 18 అన్నారు, తర్వాత 23 వరకు పెంచారు. రాష్ట్రమంతా కలిపి 95 వేల దరఖాస్తులు వచ్చాయి, కిందటిసారి కన్నా తక్కువ. మేము ఒకే ఒక్క దరఖాస్తు పెట్టాం. అక్టోబరు 27న జరిగిన డ్రాలో మాకు తగల్లేదు.

మా దుకాణం వచ్చినతను మా మండలం వాడే, నాకన్నా చిన్నవాడు. డ్రా అయిన మూడో రోజు ఫోను చేసి, "అన్నా, బస్టాండు కాడ రెండు షట్టర్ల మడిగె ఉన్నదట. యజమాని నిన్ననే అచ్చిండు, అడ్వాన్సు అడుగుతుండు," అన్నాడు. బడి చిన్న గేటు ఎక్కడుందో చెప్పి, 88 మీటర్లని రాసుకున్న పాత నోటుబుక్కులోని పటాన్ని ఫొటో తీసి పంపాను. డిసెంబరు 1న అతను సంత పక్కన మేము ఖాళీ చేసిన మడిగెలోనే తెరిచాడు. గ్రిల్‌కు, కెమెరాలకు మేము పెట్టిన దాంట్లో సగం ఇచ్చాడు.